పచ్చవాళ్ల అలక

మా మావయ్య కళ్ళు దెబ్బతిన్నాయని మా బంధువులందరికీ తెలుసు. దెబ్బతినలేదని నాకొక్కదానికే తెలుసు. నాలుగు నెలలుగా ఆ సంగతి కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. వేళకి తింటున్నాను, జోకులేస్తే నవ్వుతున్నాను. ఎల్లుండి ఆయన కుడికంటికి రెండోసారి ఆపరేషన్ చేయించుకుంటున్నాడని అత్తయ్య ఫోన్ చేసి చెప్పేదాకా నాకు నిద్ర కూడా బాగానే పట్టింది. అదీ నా బుద్ధి.

మావయ్య అంటే మా అమ్మకి స్వయానా అన్న. నాకు పని నేర్పిన మనిషి. ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో కంప్యూటర్లని కలిపే కేబుళ్ళు వెయ్యడం మా పని. సీలింగు మీదుగా, గోడల వెంట లాక్కొచ్చి ఒక చిన్న గదిలో ఉన్న నెట్‌వర్క్ స్విచ్‌కి తగిలిస్తాం. ఈ స్విచ్ లైటు వేసుకునే మీట కాదు, కేబుల్ గుచ్చే పోర్టులు వరసగా ఇరవైనాలుగు ఉన్న ఇనప పెట్టె. ఒక్కో పోర్టు మీద ఒక బుల్లి దీపం ఉంటుంది. ఆకుపచ్చగా వెలిగితే అంతా సవ్యం. నారింజ రంగులో వెలిగితే లైను ఉంది కానీ నడక మందం. ఆరిపోతే ఎక్కడో తెగింది. "దాని మొహం చూస్తే చాలే, ఒంట్లో ఏముందో అదే చెప్తుంది" అనేవాడు మావయ్య. ఆస్పత్రుల్లో తిరిగి తిరిగి ఆయనకి స్విచ్‌లు కూడా రోగుల్లాగే కనపడేవి.

కేబుల్ తొక్క వలిస్తే లోపల ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. నిండు రంగుది ఒకటి, అదే రంగు చారలున్న తెల్లది ఒకటి, రెండూ మెలేసుకుని ఉంటాయి. చివర కనెక్టర్, అంటే పోర్టులోకి దూరే ప్లాస్టిక్ ముక్క, బిగించేముందు మెలికలు విప్పి ఎనిమిదింటినీ ఒక వరసలో కూర్చోబెట్టాలి. ఏడేళ్ళ కిందట మావయ్య నాకు ఆ వరసని కాపురాల గొడవలా చెప్పాడు.

"ఈ చివర ఆరెంజ్ వాళ్ళు, కొత్త జంట, పక్కపక్కనే. ఆ చివర బ్రౌన్ వాళ్ళు, ముసలాళ్ళు, వాళ్ళూ పక్కపక్కనే. ఇక మధ్యలో ఉంది తంటా. పచ్చవాళ్ళు అలిగారు. పెళ్ళాం ఇటు, మొగుడు అటు. నీలం వాళ్ళిద్దరూ నడుమ కూచుని రాజీ చేస్తున్నారు. ఆ రాజీ ఎప్పటికీ కుదరదు. నువ్వు జాలిపడి కుదిర్చావో, లైను పోయినట్టే."

"మొగుడూ పెళ్ళాం కలిస్తే లైను పోవడమేంటి మావయ్యా, విడ్డూరం కాకపోతే!"

"మీ అత్తయ్యనడుగు" అన్నాడు. లోపల్నించి అత్తయ్య గరిటె చూపించింది.

ఎందుకలా అన్నది ఆయన ఇంతకు మించి చెప్పలేదు, నేను అడగలేదు. ఏడేళ్ళు పచ్చవాళ్ళని బుద్ధిగా విడివిడిగానే కూర్చోబెట్టాను. విడదీసి పెట్టడం పెద్ద పనేం కాదు గానీ చిరాకు పని. పచ్చ తీగ నీలం జంటని దాటుకుని అవతలికి వెళ్ళాలి, అది జారిపోతూ ఉంటుంది, గోళ్ళు నొప్పెడతాయి. సాయంత్రానికల్లా నాకు ఆ పచ్చ మొగుడంటే ఒళ్ళు మండిపోయేది.

నాలుగు నెలల కిందట ఒక ఆస్పత్రిలో, రెండో అంతస్తులోని స్కానింగ్ విభాగానికి ఇరవైరెండు కేబుళ్ళు వేశాం. మావయ్యకి అంతకు నెల ముందే కుడికంట్లో శుక్లం తీశారు. కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని, మధ్యమధ్యలో నీళ్ళు తుడుచుకుంటూ, నింపాదిగా పని చేస్తున్నాడు. పద్నాలుగు కేబుళ్ళు ఆయన తీసుకున్నాడు, మిగిలిన ఎనిమిదీ నాకిచ్చాడు. ఎవరి కేబుళ్ళకి వాళ్ళే రెండు వైపులా కనెక్టర్లు బిగించాలి.

ఆ రోజు నాకు ఇంటికి త్వరగా పోవాలనిపించింది. పెద్ద కారణమేం లేదు, విసుగు. మొదటి కేబుల్‌కే పచ్చ తీగ రెండుసార్లు జారింది. 'ఈ అలకలూ రాజీలూ అంతా ముసలాయన చాదస్తం. రెండు వైపులా ఒకే వరస ఉంటే చాలదా?' అనుకున్నాను. పచ్చవాళ్ళని పక్కపక్కన కూర్చోబెట్టేశాను, పక్కనే నీలం వాళ్ళని. అటు చివరా అంతే. టెస్టర్ పెట్టి చూశాను. అది అరచేతిలో పట్టే డబ్బా, ఎనిమిది తీగలకి ఎనిమిది దీపాలు. ఒకటి నుంచి ఎనిమిది దాకా వరస తప్పకుండా, ముచ్చటగా వెలిగాయి. ఇంకేం, ఏడేళ్ళ రహస్యాన్ని బట్టబయలు చేసినంత సంబరపడిపోయాను. ఎనిమిదీ అలాగే కానిచ్చేసి, మావయ్యకి ఇంకా మూడు మిగిలి ఉండగానే చేతులు దులుపుకుని లేచాను. "చెయ్యి తిరిగిందే నీకు" అని మెచ్చుకున్నాడు. స్విచ్‌కి తగిలించే పని కూడా నాకే వదిలేశాడు, ఏ పోర్టులో ఎవరి కేబుల్ ఉందో చూసుకోలేదు.

వారం తిరక్కుండా స్కానింగ్ సిస్టర్ నుంచి కబురు వచ్చింది. మేం వెళ్ళేసరికి ఆమె మొహం కందగడ్డలా ఉంది.

"ఫొటో సగం దాకా వచ్చి నిద్రపోతోందండీ. పేషెంట్లేమో బయట బారులు తీరి కూచున్నారు. డాక్టరుగారేమో నామీద అరుస్తున్నారు, నేనేదో తీగలు తొక్కేస్తున్నట్టు."

స్విచ్ బిగించిన ఇనప చట్రం, రాక్, ముందు నిలబడ్డాం. పద్నాలుగు దీపాలు ఆకుపచ్చ, ఎనిమిది నారింజ. అందులో ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది. మావయ్య తన పద్ధతిలో మొదలెట్టాడు. ముందు రాక్ దగ్గరున్న పొట్టి కేబుల్ మార్చాడు. నారింజే. తర్వాత ఆ లైనుని పీకి, పక్కన ఆకుపచ్చగా వెలుగుతున్న పోర్టులో పెట్టాడు. అక్కడా నారింజే. పాత పోర్టులో మంచి లైను పెడితే ఆకుపచ్చ. "అయితే రోగం పెట్టెది కాదు, తీగది" అన్నాడు. అవతలి గదిలో కంప్యూటర్ తీసేసి మా లాప్‌టాప్ తగిలించాడు. నారింజే. చివరికి టెస్టర్ పెట్టాడు. ఎనిమిది దీపాలూ వరసగా వెలిగాయి.

"అన్నీ చక్కగా వెలుగుతుంటే ఇంకెక్కడే రోగం?" అని తల గోక్కున్నాడు.

నేను ఆయన మాట వినడం లేదు. నారింజ దీపాల కింద అంకెలు చూస్తున్నాను. పదిహేను, పదహారు, పదిహేడు... ఇరవైరెండు. నావి. ఎనిమిదికి ఎనిమిదీ నావి. పచ్చవాళ్ళు నిజంగానే రాజీపడకూడదని నాకు ఆ క్షణాన అర్థమైంది. అప్పుడే చెప్పెయ్యాల్సింది. కానీ పొద్దున్నే ఏదో వంక పెట్టి ఒక్కదాన్నే వచ్చి, పదహారు చివరలూ కోసేసి మళ్ళీ బిగించేద్దాం, మూడో కంటికి తెలియదు అనుకున్నాను. మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి ఆస్పత్రి ఇంజనీరు నాకంటే ముందే ఇంకో మనిషిని పిలిపించి ఉంచాడు. మావయ్యని కూడా రమ్మన్నాడు.

ఆ వచ్చినాయన దగ్గర పెద్ద మీటరు ఉంది, మా టెస్టర్‌కి పెదతాతలా. దాన్ని తగిలించి అరనిమిషంలో తేల్చేశాడు.

"తీగలు వరసగానే ఉన్నాయండీ. కానీ జంటలు చెదిరిపోయాయి. జంటగా మెలేసుకున్నవి జంటగానే పని చెయ్యాలి. ఇక్కడ ఒకదాని మాట పక్కదానికి వినపడి అంతా కలగాపులగం అవుతోంది. మీ చిన్న టెస్టర్‌కి అది తెలీదు, తీగ తెగిందా లేదా అన్నదే చూస్తుంది." ఒక కనెక్టర్ కోసి కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు. "ఇదిగో, నీలం ఉండాల్సిన చోట పచ్చ. పచ్చ ఉండాల్సిన చోట నీలం. బిగించిందెవరు?"

అందరూ మావయ్య కళ్ళద్దాల వైపు చూశారు.

"ఈమధ్యే కంటి ఆపరేషన్ అయిందన్నారు కదా మీకు?" అన్నాడు ఇంజనీరు, మర్యాదగానే.

మావయ్య ఆ కనెక్టర్ అందుకున్నాడు. కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. మెడ మీద చెమట పట్టింది ఆయనకి.

"నేనేనండీ" అన్నాడు. "నా కళ్ళే. నీలానికీ పచ్చకీ తేడా తెలీలేదన్నమాట."

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. 'అవి నావి' అంటే అయిపోయేది. మామూలుగా నా నోటికి తాళం పడదు, మా ఇంట్లో పేరున్న నోరు. ఆ రోజు మాత్రం పెగల్లేదు. పెగిలినప్పుడు వచ్చిన మాట ఇంకా ఘోరం. "నువ్వు కూచో మావయ్యా, నేను మళ్ళీ బిగిస్తాలే" అన్నాను. "మేనకోడలంటే ఇలా ఉండాలి" అన్నాడు ఇంజనీరు. మావయ్య నా భుజం తట్టాడు.

మధ్యాహ్నానికి ఎనిమిది దీపాలూ ఆకుపచ్చగా మారాయి. సాయంత్రం మావయ్య తన క్రింపర్, కనెక్టర్ బిగించే ఆ పాత పనిముట్టు, గుడ్డలో చుట్టి నాకిచ్చేశాడు. "రంగులు తెలీనివాడు ఈ పనికి ఎందుకే" అన్నాడు. నేను తీసుకున్నాను. తర్వాత అదే ఆస్పత్రిలో పిల్లల వార్డు పని నాకొక్కదానికే ఇచ్చారు. అదీ తీసుకున్నాను.

మళ్ళీ ఆపరేషన్ అని అత్తయ్య ఫోన్‌లో చెబుతుంటే నా చెవులు గింగురుమన్నాయి. "మొదటి డాక్టరు కన్ను బంగారంలా ఉంది అన్నాడే. చుక్కల పుస్తకం పెట్టి అన్ని రంగులూ చెప్పించాడు, అన్నీ సరిగ్గానే చెప్పారు. అయినా ఈయన వింటేనా? నా మనసు నొచ్చుకోకుండా చెప్తున్నాడు, తీగలు అబద్ధం చెప్తాయా అంటారు. పట్టుబట్టి ఇంకో డాక్టరుని వెతుక్కున్నారు. లోపల పెట్టిన అద్దం తీసి వేరేది పెడతాట్ట. చూపు పూర్తిగా పోయే ప్రమాదం కూడా ఉంది, సంతకం పెట్టమంటే పెట్టేశారు." ఆమె ఏడుస్తోంది. "నువ్వైనా చెప్పవే. నీ మాటంటే గురి."

ఆ గురి అన్న మాట ముల్లులా దిగింది. పని మధ్యలో వదిలేసి మిట్టమధ్యాహ్నం ఎండలో వాళ్ళింటికి వెళ్ళాను. దారి పొడుగునా అబద్ధాలు అల్లుతూనే వెళ్ళాను, నిజం చెప్పకుండా ఆపరేషన్ ఆపే మార్గం ఏదైనా ఉందా అని. దొరికి ఉంటే అదే చేసేదాన్ని.

మావయ్య కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. ముందు మంచం మీద ఉతికిన బట్టల కుప్ప ఉంది. మేజోళ్ళు జతలు కలుపుతున్నాడు. ఒకటి ఎత్తి చూసి, "ఏమోయ్, ఇది నీలమేనా?" అని వంటింట్లోకి కేకేశాడు. "నీలమే" అని జవాబొచ్చింది. ఇంకోటి ఎత్తాడు. "ఇదీ నీలమేనా? నాకు నీలంలాగే ఉంది, కానీ..." అది నీలమే. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగేంత నీలం. బల్లిలా గోడల మీద పాకుతూ చీకటి సందుల్లో తీగల రంగులు చెప్పిన మనిషి, పట్టపగలు మేజోడు పట్టుకుని ఇంకొకరి సాక్ష్యం అడుగుతున్నాడు.

"మావయ్యా, ఆపరేషన్ వద్దు. నీ కళ్ళు బాగున్నాయి."

"నువ్వూ మొదలెట్టావా?"

"ఆ ఎనిమిది కేబుళ్ళూ నేను బిగించినవి."

మావయ్య నన్ను చూసి నవ్వాడు. ఎంతో ప్రేమగా నవ్వాడు.

"మీ అత్తయ్య నేర్పి పంపిందా? చూశావా, నాకోసం తప్పు నెత్తిన వేసుకునే మనిషివి నువ్వొక్కదానివైనా ఉన్నావు. చాల్లే, మజ్జిగ తాగు."

నిజం చెప్పినా నమ్మకపోతే ఏం చెయ్యాలో నేను ఆలోచించుకోలేదు. ఒట్లు వేశాను. "పిచ్చిదానా" అన్నాడు. చివరికి ఆయనకి తెలిసిన భాషలోనే అడిగాను.

"తప్పు బిగించిన చివరలు ఎన్ని మావయ్యా?"

"పదహారు."

"అన్నీ ఒకటే తప్పా?"

"ఒకటే. నీలం, పచ్చ తారుమారు."

"మిగతా పద్నాలుగు కేబుళ్ళలో?"

"వాటికేం, ఇరవైఎనిమిది చివరలూ సరిగ్గానే..." అని ఆగిపోయాడు.

చేతిలో మేజోడు మంచం మీద పెట్టాడు. వేళ్ళు గాలిలోనే కదిలాయి, కనపడని తీగలు సర్దుతున్నట్టు. లైను ఎక్కడ పోయిందో వెతికేటప్పుడు ఆయన మొహం అలాగే ఉంటుంది, పక్కన పిడుగు పడ్డా వినపడదు.

"కళ్ళైతే ఒకచోట తప్పి ఒకచోట ఒప్పేవి" అన్నాడు తనలో తాను. "అటు చివర ఒకలా, ఇటు చివర ఒకలా పడేది. టెస్టర్‌లో దీపాలు అడ్డదిడ్డంగా వెలిగేవి. పదహారూ ఒకేలా తప్పాయంటే అది చూపు కాదు. అది చెయ్యి." అప్పుడు నా వైపు తిరిగాడు. "పచ్చవాళ్ళని కలిపేశావా?"

తల ఊపాను. "చాదస్తం అనుకున్నా."

"నీకెప్పుడు తెలిసింది?"

'ఈమధ్యే' అనొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. "ఆ రోజే" అన్నాను. "దీపాల కింద నంబర్లు చూసినప్పుడే. మీటరాయన రాకముందే."

అత్తయ్య ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది. మావయ్య ఆమెతో, "ఎల్లుండి రావడం లేదని ఆ డాక్టరుకి ఫోన్ చేసి చెప్పు" అన్నాడు. అంతే. తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. అత్తయ్య మాత్రం ఊరుకోలేదు.

"నాలుగు నెలలే! రోడ్డు దాటాలంటే సిగ్నల్ ఏ రంగులో ఉందని నన్నడిగేవారు. టమాటాలు ఏరుకోవడం మానేశారు. నువ్వు వారం వారం వచ్చి మా ఇంట్లో కూచుని కబుర్లు చెప్పి పోయావు కదే! ఎలా మింగుడు పడింది నీకు?"

మింగుడు పడింది. అదే నిజం. చెప్పులేసుకుని వచ్చేశాను. సిగ్గుతో ఒళ్ళంతా మంటగా ఉంది, అయినా కన్ను దక్కిందన్న తేలిక కూడా ఉంది, ఆ తేలిక ఉన్నందుకు మళ్ళీ సిగ్గు.

మర్నాడు పొద్దున్నే ఇంజనీరు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కాగితాల్లోంచి తలెత్తకుండానే, "పోనీలెండి, ఎవరిదైతేనేం, ఇప్పుడు లైన్లు నడుస్తున్నాయిగా" అన్నాడు. నాలుగు నెలలు నేను దాచిన సంగతి ఆయనకి చీమ కుట్టినంత కూడా కాలేదు. అప్పటి రిపోర్టు తీయించాను. 'కేబుల్ బిగించిన వ్యక్తి చూపు సమస్య వల్ల' అని రాసి ఉంది. ఆ మాట కొట్టించి, నా నిర్లక్ష్యం వల్ల అని రాయించి, కింద నా పేరు పెట్టించాను. "మీరు మరీనండీ" అన్నాడు ఇంజనీరు.

అక్కణ్ణించి పిల్లల వార్డులో పని దగ్గరికి వెళ్తే అప్పటికే మావయ్య వచ్చి ఉన్నాడు. నేల మీద గోనె పరుచుకుని కూచుని కేబుల్ తొక్క వలుస్తున్నాడు. నన్ను చూసి చెయ్యి చాపాడు. ఆయన క్రింపర్ తీసి ఇచ్చాను, గుడ్డతో సహా. పని మొదలెట్టాం. ఆయన ఎవరినీ ఏ రంగనీ అడగలేదు. తీగలు విప్పాడు, వరస పెట్టాడు, కత్తిరించాడు, బిగించాడు. ఒకదాని తర్వాత ఒకటి, ఎప్పటిలాగే నింపాదిగా, కాస్త కూనిరాగం కూడా తీస్తూ. ఆ రాగం విని ఎన్నాళ్ళయిందో! నా మనసు కుదుటపడింది. క్షమించేశాడనే అనుకున్నాను.

నా మొదటి చివర బిగించాను. పచ్చవాళ్ళని ఎక్కడివాళ్ళని అక్కడే ఉంచాను. టెస్టర్ కోసం సంచీలో చెయ్యి పెట్టబోతే మావయ్య కూనిరాగం ఆపాడు.

"ఇటివ్వు" అన్నాడు.

ఇచ్చాను. కళ్ళద్దాలు సర్దుకుని, దాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకుని, ఒక్కో రంగూ గొణుక్కుంటూ ఎనిమిది తీగలూ చూశాడు. తిప్పి మళ్ళీ చూశాడు. ఏడేళ్ళలో నేను బిగించింది ఆయన తిరిగి చూడటం అదే మొదలు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. నా చేతిలో పెట్టేసి, తర్వాతదాని కోసం చెయ్యి చాపి ఉంచాడు.

ఆ రోజు నేను పంతొమ్మిది చివరలు బిగించాను. పంతొమ్మిదీ చూశాడు.